రేడియో కోత

ఆ పదహారు పాదాలనీ కోసింది నేనే.
ఎవరూ అడగలేదు గనక ఇన్నాళ్ళూ చెప్పలేదు.

వాళ్ళిద్దరూ ఒక్క గదిలో ఎప్పుడూ పాడలేదు.
సొలేన్ పల్లవి పారిస్ నుంచి వచ్చింది
నలభై పొరలుగా, ఒక్కో పొరకీ పేరు పెట్టి,
ఇస్త్రీ చేసిన హోటల్ దుప్పట్లలా మడత నలగకుండా.
ఫహార్దీన్ మాత్రం మార్సెయ్‌లో, నా దగ్గరే.
ఉత్తరపు బ్లాకుల నుంచి బస్సులో దిగి
తడిసిన బూట్లు గుమ్మం బయట విడిచి
నేను గోడలకి వేలాడదీసిన కంబళ్ళ మధ్య నిలబడి
ఒక్క ఊపున చెప్పేశాడు.
అందులో వాళ్ళమ్మ ఉంది,
తెల్లారగట్ల నాలుగింటికి ఆఫీసు అద్దాలు తుడిచే అమ్మ.
మొరోని నుంచి తెచ్చుకున్న లవంగాల డబ్బా ఉంది,
పదకొండో అంతస్తు ఉంది.
"లిఫ్టు చచ్చి మూడేళ్ళు,
పాడె మోస్తున్నవి మా అమ్మ మోకాళ్ళు."
అది విని హెడ్‌ఫోన్లు తీసి
కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ పెట్టుకున్నాను.

పాట జూన్‌లో వచ్చింది.
సొలేన్ అభిమానులన్నారు: పాయసంలో పంటి కింద రాయి.
అతని వీధి కుర్రాళ్ళన్నారు: రాయికి చక్కెర పూత.
ఒక పత్రికలో పెద్దాయన
"ఇదీ మన కాలపు పెళ్ళి" అని మొదలుపెట్టి
చివరి పేరా దాకా పెళ్ళికొడుకు పేరు తప్పే రాశాడు.
బ్లాకు గోడ మీద ఎవరో ఫహార్దీన్ బొమ్మ గీసి
మెడలో ధర చీటీ వేలాడదీశారు.
రెంటికీ చెడ్డ రేవణ్ణయ్యానని ఫోన్లో నవ్వాడు.
చెవులమ్ముకుని బతికేవాణ్ణి,
ఆ నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలుసు.

అయినా పాట ఎక్కింది.
తిడుతూనే కూనిరాగం తీస్తారు జనం.
ఐస్‌క్రీం బండి, మంగలి షాపు,
పాత రేవులో చేపల బల్లల మీద నీళ్ళు చల్లే పిల్ల.
ఆగస్టుకి మూడో స్థానం.
అప్పుడొచ్చింది కంపెనీ నుంచి ఉత్తరం:
పగటి ప్రసారాలకి ర్యాప్ లేని కూర్పు కావాలి.
గురువారం లోపు.

బుధవారమే ఇచ్చాను.
పని తేలికే. ఇక్కడొక గీత, అక్కడొక గీత,
మధ్యది తీసేసి అంచులు దగ్గరికి లాగి కుట్టడం.
నలభై నాలుగు సెకన్ల మనిషి.
నాలుగొందల యూరోలు,
మా అమ్మాయి పంటి తీగలకి సరిపోయాయి.

ఒక్కటి మాత్రం తియ్యలేదు.
మాట మొదలెట్టే ముందు అతను పీల్చిన ఊపిరి.
మరిచిపోయాననీ చెప్పుకోవచ్చు.
అర సెకను కూడా ఉండదు,
మెట్ల మలుపులో బరువు దించి మళ్ళీ ఎత్తుకునే ఊపిరి.
కంపెనీలో ఎవరికీ దొరకలేదు.
ఆ వేసవంతా దేశం దాన్ని విన్నది.
దాని వెనక మాట రాలేదు,
సొలేన్ వచ్చింది, నలభై గొంతులతో.

సెప్టెంబర్లో ఫహార్దీన్ వచ్చాడు.
ఈసారి బూట్లు విప్పలేదు. కొడతాడనుకున్నాను.
వాళ్ళమ్మ తుడిచే ఆఫీసులో
ఎవరో రేడియో ఆపకుండా వెళ్ళారట.
ఆవిడ బకెట్‌లో గుడ్డ పిండుతున్నదల్లా ఆగి
తోటి మనిషికి చెయ్యెత్తి చూపిందట,
"ఉండు, ఊపిరి తీశాడు, ఇప్పుడు వాడే" అని.
పాట అయిపోయిందాకా ఆ చెయ్యి దించలేదట.
"తర్వాత?" అన్నాను.
"తర్వాత వాతావరణం. మిస్ట్రల్ గాలి వస్తుందన్నారు."

కోసిన ముక్క ఉందా అని అడిగాడు.
ఉంది. నేనేదీ పారెయ్యను.
వినిపించాను. నిలబడే విన్నాడు,
లిఫ్టు, లవంగాలు, మోకాళ్ళు, అన్నీ.
అయ్యాక, మొదటికి తిప్పమని వేలితో సైగ చేశాడు.
మళ్ళీ విన్నాడు.
"ఇక్కడ నేను ఊపిరి పీల్చలేదేం?" అన్నాడు.